ఇద్దరు త్రినాథరావులు

ఆ సోమవారం పొద్దున్న టీ వేళ వరకూ అడబాల త్రినాథరావు ఒక్కడే. టీ తాగి తిరిగొచ్చేసరికి ఇద్దరయ్యాడు.

తణుకు దాటాక కాలవ గట్టు పక్కనున్న కరకర ఫుడ్స్ కంపెనీలో ఆయన సేల్స్ మేనేజరు. జంతికలు, చేగోడీలు, కారప్పూస, పప్పుచెక్కలు, కంపెనీ ఏది వండినా దాన్ని కొట్ల గుమ్మాల్లో వేలాడదీయించడం ఆయన పని. వ్యాను వెనక కూర్చుని అట్టపెట్టెలు దింపే ఉద్యోగంతో మొదలుపెట్టి అంచెలంచెలుగా గదీ, గదికి ఫ్యానూ, బల్లమీద ఫోనూ సంపాదించుకున్నాడు. నరసాపురం నుంచి జంగారెడ్డిగూడెం దాకా ఏ డీలరుకి ఎప్పుడు ఫోన్ చేస్తే విసుక్కోకుండా ఆర్డరిస్తాడో ఆయనకి తెలుసు. మనిషి మెత్తన. పెద్దవాళ్ళు ఏం చెప్పినా ముందు "అలాగేనండి" అనేసి, ఆ తర్వాత అదేమిటా అని ఆలోచించేవాడు. ఆయన్ని ఇద్దర్ని చేసింది ఆ అలవాటే.

కంపెనీ ఎం.డి. పురుషోత్తమరాజు గారు ముందువారం హైదరాబాదులో ఏదో పెద్ద హోటల్లో సెమినారుకి వెళ్ళొచ్చారు. అక్కడ భోజనాల దగ్గర ఎవరో ఆయన్ని "మీ సస్టైనబిలిటీ గోల్స్ ఏమిటండీ?" అని అడిగారట. అప్పటిదాకా గులాబ్ జామ్ తింటున్న రాజుగారికి అది గొంతు దిగలేదు. చుట్టూ ఉన్న సిమెంటు వాళ్ళకీ, మందుల కంపెనీల వాళ్ళకీ గోల్స్ ఉన్నాయి. ఆఖరికి టపాకాయలు చేసే ఆయనకి కూడా ఉన్నాయి. తనకే లేవు. పైగా దుబాయిలో సూపర్ మార్కెట్లు నడిపే వాళ్ళు, పర్యావరణం పట్ల బాధ్యతగల కంపెనీ అని సర్టిఫికెట్ ఉంటేనే మీ జంతికలు కొంటామని ఉత్తరం రాశారు. ఇంకోపక్క బ్యాంకు వాళ్ళు, ఈ మూడు నెలల అమ్మకాలు కిందటి మూడు నెలలకంటే పెరిగితేనే కొత్త అప్పు సంగతి మాట్లాడదామన్నారు.

ఆ సోమవారం మేనేజర్లందరినీ కాన్ఫరెన్సు హాల్లో కూర్చోబెట్టి రాజుగారు ఉపన్యసించారు.

"కంపెనీకి రెండు కళ్ళు. ఒకటి ప్రకృతి, రెండోది టర్నోవరు. నా ప్రాణం పోయినా ఏ కన్నూ మూయడానికి వీల్లేదు. ఈ క్షణం నుంచీ మనకో సుస్థిరతాధికారి ఉంటాడు."

హెచ్.ఆర్. మేనేజరు ప్రసూన లేచి నిలబడింది. ఆవిడ పలకరించినా సర్క్యులర్ చదివినట్టే ఉంటుంది. "సర్, ఈ ఆర్థిక సంవత్సరంలో కొత్త పోస్టుల భర్తీపై నిషేధం అమల్లో ఉంది. విధించింది తమరే."

రాజుగారు కాసేపు కళ్ళు మూసుకున్నారు. తెరిచేసరికి ఎదురుగా త్రినాథరావు కనిపించాడు.

"త్రినాథ్! నువ్వు చూసుకుంటావా?"

"అలాగేనండి."

"చూశారా! అమ్మేవాడూ అతనే, ప్రకృతిని కాపాడేవాడూ అతనే. రెండూ ఒకే మనిషిలో పెట్టేస్తే బ్యాలెన్సు దానంతటదే కుదిరిపోతుంది. హైదరాబాదులో ఒక్కడికీ తట్టలేదీ ఐడియా!"

మేనేజర్లంతా చప్పట్లు కొట్టారు. త్రినాథరావు కూడా కొట్టాడు.

చిక్కంతా తర్వాత వచ్చింది. దుబాయి వాళ్ళ ఉత్తరంలో రెండో పేజీ ఉందని ప్రసూన కనిపెట్టింది. సుస్థిరతాధికారి అమ్మకాల ఒత్తిడికి లోనుకాకుండా స్వతంత్రంగా పనిచేయాలని అందులో రాసుంది. ఇక ఆవిడ ఊరుకోలేదు. త్రినాథరావు గదికి ఆనుకుని ఉన్న స్టోరు గదిని ఖాళీ చేయించి, సున్నం వేయించి, బల్లా కుర్చీ పెట్టించి, "సుస్థిరతాధికారి" అని పచ్చ బోర్డు తగిలించింది. విడిగా ఫోను, విడిగా రబ్బరు స్టాంపు. మెళ్ళో వేసుకోవడానికి సేల్స్‌కి ఎర్ర కార్డు, సుస్థిరతకి పచ్చ కార్డు. రెండు గదుల మధ్యా ఉన్న తలుపుకి మేకులు కొట్టించింది. ఇటు నుంచి అటు వెళ్ళాలంటే వరండా చుట్టి రావాలి.

"రెండు హోదాలూ ఒకదానినొకటి ప్రభావితం చేయరాదు," అని చెప్పింది.

"అంటే ఈ గదిలో నేను అనుకున్నది ఆ గదిలోకి వెళ్ళాక మర్చిపోవాలాండీ మేడమ్?"

"మర్చిపోనక్కర్లేదు. పరిగణనలోకి తీసుకోకూడదు."

గది సిద్ధమైన సాయంత్రం సంగతంతా విని ఆయన భార్య భ్రమరాంబ పళ్ళెంలో వంకాయ కూర వడ్డిస్తూ అడిగింది. "ఇప్పుడు అన్నానికి కూర్చున్నది ఏ ఆఫీసరండీ?"

"ఎవరైతే నీకెందుకు?"

"అమ్మకాలాయనకి కూర మారు వడ్డించాలి. పర్యావరణం ఆయనైతే కరివేపాకు కూడా పారేయకుండా తింటాడేమోనని."

త్రినాథరావు నవ్వేశాడు. అప్పటికింకా ఆయనకి అది నవ్వులాటగానే ఉంది.

పచ్చ కార్డు వేసుకుని మొదటిరోజు ఆ గదిలో కూర్చున్నప్పుడు ఆయనకి ఏం చేయాలో తోచలేదు. బల్లమీద కంపెనీ జంతికల ప్యాకెట్టొకటి పెట్టుకుని దానికేసి చూస్తూ కూర్చున్నాడు. తలగడ అంత ప్యాకెట్టు. చేత్తో నొక్కితే జంతికలు అడుగున ఓ మూల గలగలమన్నాయి. పైనంతా గాలే. అన్నాళ్ళూ అమ్మినవాడికి ఆ సంగతి తెలియక కాదు. ఆ గాలి నింపించింది ఆయనే. ప్యాకెట్టు నిండుగా కనపడకపోతే కొట్లో ఎవడూ చెయ్యి పెట్టడని రాజుగారికి నచ్చజెప్పింది కూడా ఆయనే. కానీ ఈ గదిలో కూర్చుని చూస్తే అదంతా మనుషులు తినని ప్లాస్టిక్కులా కనపడింది. కాగితం తీసుకుని, "గౌరవనీయులైన సేల్స్ మేనేజరు గారికి, ప్యాకెట్టు సైజు సగానికి తగ్గించవలసిందిగా కోరడమైనది" అని రాసి స్టాంపు వేశాడు.

అటెండరు నూకరాజు ఆ ఉత్తరాన్ని వరండా చుట్టి పక్కగది బల్లమీద పెట్టాడు. త్రినాథరావు కూడా వరండా చుట్టి వెళ్ళి, ఎర్ర కార్డు వేసుకుని, దాన్ని విప్పి చదివాడు. చదువుతుంటే ఒళ్ళు మండిపోయింది. కొట్టు గుమ్మంలో ఎండకి నిలబడి అమ్మేవాడి కష్టం గదుల్లో కూర్చునే వాళ్ళకేం తెలుస్తుంది? "ప్యాకెట్టు తగ్గితే అమ్మకం తగ్గును. తమకు మార్కెట్టు అనుభవం లేకపోవుట వలన ఇట్టి సూచన చేసినట్లు భావించుచున్నాను" అని జవాబు రాసి పంపేశాడు.

మధ్యాహ్నానికి ప్రసూన నుంచి రెండు మెమోలు వచ్చాయి. సుస్థిరతాధికారికి సమాధానం మరీ త్వరగా అందడం ఇరుపక్షాలూ ముందుగా మాట్లాడుకున్నాయన్న అనుమానానికి తావిస్తోందని ఒకటి. సాటి అధికారిని ఉద్దేశించి సేల్స్ మేనేజరు వాడిన భాష మర్యాదగా లేదని రెండోది. త్రినాథరావు మొదటి గదిలో క్షమాపణ చెప్పి, రెండో గదిలో ఆ క్షమాపణ స్వీకరించాడు.

ఆ తర్వాత సమన్వయ సమావేశాలు మొదలయ్యాయి. వారానికోసారి ఇద్దరు అధికారులూ కాన్ఫరెన్సు హాల్లో కలిసి చర్చించాలి. నూకరాజు రెండు టీలు పెట్టేవాడు. త్రినాథరావు బల్లకి ఇటు కూర్చుని ఒకటి తాగి, అటు వెళ్ళి రెండోది తాగి, చర్చల సారాంశం రాసి పంపేవాడు. ఆ రాతల్లో ఇద్దరూ బాగా పోట్లాడుకునేవారు. "సేల్స్ మేనేజరు గారు బల్ల గుద్ది మాట్లాడారు" అని ఉండేది. "సుస్థిరతాధికారి మౌనం వహించి తమ నిరసన తెలియజేశారు" అనీ ఉండేది. పురుషోత్తమరాజు గారు అవి సీరియల్ చూసినట్టు చదివేవారు.

"ఇదే కావాల్సింది! ఆరోగ్యకరమైన సంఘర్షణ," అనేవారు. "మన కంపెనీలో ఇద్దరు ఆఫీసర్లు ఇంత నిజాయితీగా కొట్టుకోవడం నేనెప్పుడూ చూళ్ళేదమ్మా ప్రసూనా."

ప్యాకెట్టు మాత్రం అలాగే ఉంది.

దసరాలు దగ్గర పడుతుండగా ఓ పొద్దున్న బుల్లెబ్బాయి వచ్చాడు. కంపెనీ వెనక, కాలవకి కాస్త దిగువన అతనికి చేపల చెరువూ, ఓ బాతుల మందా ఉన్నాయి. చంకలో బాతుతో గేటు దగ్గర నిలబడి పర్యావరణం ఆఫీసరు కావాలన్నాడు. నూకరాజు తీసుకొచ్చి పచ్చ బోర్డు గదిలో కూర్చోబెట్టాడు.

"దీన్నోసారి ముట్టుకుని చూడండి బాబూ," అని బాతుని బల్లమీద పెట్టాడు బుల్లెబ్బాయి.

త్రినాథరావు ముట్టుకున్నాడు. చెయ్యి జారిపోయింది. ఈకలన్నీ జిడ్డుతో ఒంటికి అతుక్కుపోయి ఉన్నాయి. మూకుడులోంచి తీసి నూనె ఓడ్చకుండా పెట్టినట్టుంది ఆ బాతు.

"మీ కంపినీ నీళ్ళేనండి. పండగలొచ్చేయంటే చాలు, కాలవ మీద మీగడ కట్టేత్తదండి నూని. ఈ జీవాలు నీళ్ళలోకి దిగితే మునిగిపోతన్నాయండి బాబూ. బాతు మునిగిపోడం మీరెక్కడైనా చూశారా?"

"లేదండి."

"నేను చూశానండి. మొన్నొక్క రోజునే రెండు పోయాయి. శుద్ధి పలాంటు కట్టించేరంట గదా, అది తిరగట్లేదేంటండి?"

త్రినాథరావుకి జవాబు తెలుసు. కారఖానాలోంచి వచ్చే జిడ్డు నీళ్ళని శుభ్రం చేసి వదిలే ప్లాంటు షెడ్డులో ఉంది. ఆ షెడ్డు నిండా దసరా గిఫ్టు బాక్సుల పెట్టెలున్నాయి. మోటారు ఎక్కడో పెట్టెల అడుగున ఉంది. మూడు నెలల లెక్క ముగిసేలోగా అమ్మకాలు ఎక్కువ చూపించాలని, కొట్లవాళ్ళు అడిగినదానికంటే ఎక్కువ వండించి పెట్టెలకెత్తి అక్కడ పేర్పించాడు సేల్స్ మేనేజరు. అదంతా ఆయన కళ్ళముందు ఆడింది. అయినా పచ్చ కార్డు మెళ్ళో ఉంది.

"ఆ షెడ్డు సంగతి పక్క గదిలో ఉన్న ఆఫీసరు గారిని అడగాలండి," అన్నాడు.

బుల్లెబ్బాయి బాతుని చంకన పెట్టుకుని పక్క గదిలోకి వెళ్ళి కూర్చున్నాడు. వరండా చుట్టి త్రినాథరావు వచ్చి ఎర్ర కార్డు వేసుకుని ఎదురుగా కూర్చున్నాడు. బుల్లెబ్బాయి చాలాసేపు ఆయన మొహంలోకి చూశాడు.

"ఇందాకటాయన తమకి అన్నగారాండి?"

"కాదు. వేరే ఆఫీసరు."

"ఆయ్. పోలికలున్నాయండి." మళ్ళీ బాతుని బల్లమీద పెట్టి, సంగతంతా మొదట్నుంచీ చెప్పాడు. "ఆయనైతే పాపం బాధపడ్డాడండి. మొహం చూత్తేనే తెలిసింది. తమరు కొద్దిగా మనసు పెట్టాలి."

"పండగ వెళ్ళేదాకా ఆ షెడ్డు ఖాళీ అవదండి. స్టాకు ఎక్కడ పెట్టుకోమంటారు?"

"పండగ ఎల్లేలోపు నా బాతులు ఎల్లిపోతాయి గదండి."

బుల్లెబ్బాయి లేచాడు. గుమ్మం దగ్గర ఆగి, గొంతు తగ్గించి, "ఒక్కమాట చెప్పనాండి? తమరిద్దరూ ఒకసారి కూచుని మాటాడుకోండి," అని వెళ్ళిపోయాడు.

బల్లమీద జిడ్డు మరక మిగిలింది. నూకరాజు గుడ్డతో తుడిచాడు. పోలేదు.

ఆ సాయంత్రం త్రినాథరావు ఏ కార్డూ వేసుకోకుండా షెడ్డు దగ్గరికి వెళ్ళాడు. కప్పు దాకా పెట్టెలు. పక్కన తూము లోంచి పసుపుపచ్చటి నీళ్ళు కాలవలోకి జారుతున్నాయి. కిందటేడు దసరాకీ ఇలాగే చేశాడు. పండగయ్యాక సగం సరుకు మెత్తబడి తిరిగొచ్చింది. దాన్ని ఏం చేశారో ఆయన అప్పుడు అడగలేదు. ఇప్పుడు అడగాలనిపించింది. ఎవరినడగాలా అని చుట్టూ చూస్తే, జవాబు చెప్పాల్సినవాడు తనే.

మర్నాడు పచ్చ గదిలో కూర్చుని ఓ ఉత్తరం రాశాడు. ఎప్పుడూ రాసే భాష కాదది. "మీ పెట్టెల కింద మోటారుంది. ఆ మోటారు తిరక్క బాతులు చస్తున్నాయి. మీకు తెలుసు. ఖాళీ చేయండి." స్టాంపు వేసి పంపించాడు. ఎర్ర గదిలోకి వెళ్ళి దాన్ని ముందు పెట్టుకున్నాడు. ఆ రోజూ జవాబు రాయలేదు, మర్నాడూ రాయలేదు.

ప్రసూన ఊరుకుంటుందా? సాటి అధికారి ఉత్తరానికి గడువులోగా సమాధానం ఇవ్వకపోవడం క్రమశిక్షణా రాహిత్యం. సంజాయిషీ అడిగింది. సేల్స్ మేనేజరు "సంజాయిషీ లేదు" అని రాసిచ్చాడు. కరకర ఫుడ్స్ చరిత్రలో అలాంటి సంజాయిషీ అదే మొదటిది. ఫైలు ఎం.డి. దగ్గరికి వెళ్ళింది. దుబాయి వాళ్ళ పరిశీలకుడు మరో వారంలో వస్తున్నాడు. పర్యావరణానికి అడ్డు తగిలినవాడి మీద చర్య తీసుకున్నామని చూపించడానికి ఇంతకంటే మంచి అవకాశం దొరకదనిపించింది రాజుగారికి.

"సస్పెండ్ చేసేయమ్మా," అన్నారు.

ప్రసూన ఉత్తర్వు చదివి వినిపించింది. "సస్పెన్షన్ కాలంలో సేల్స్ మేనేజరు కంపెనీ ప్రాంగణంలో అడుగు పెట్టరాదు. పరిశీలకుడి రాక దృష్ట్యా సుస్థిరతాధికారి సెలవు పెట్టరాదు."

"మరి గేటు దగ్గర నేనేం చేయాలండీ?"

"ఏ కార్డు వేసుకొచ్చారో సెక్యూరిటీ చూసుకుంటాడు."

"మరి సేల్స్ పని ఎవరు చేస్తారండీ మేడమ్? పండగ వారం."

"స్వతంత్రత దృష్ట్యా మీకు ఇవ్వడం కుదరదు. ఎం.డి. గారే చూస్తారు."

అలా పురుషోత్తమరాజు గారు చాలా ఏళ్ళ తర్వాత డీలర్లకి స్వయంగా ఫోన్ చేయడం మొదలుపెట్టారు. ఎర్ర గదికి తాళం వేశారు గనక ఆ గది ఫోను మోగి మోగి ఊరుకునేది. పక్కగదిలో కూర్చున్న త్రినాథరావుకి ఆ మోత వింటుంటే చేతులు నిలిచేవి కావు. ఇది పాలకొల్లు, ఇది నిడదవోలు అని వేళని బట్టి ఆయనకి తెలిసిపోయేది. అటు తన గదిలోంచి రాజుగారి గొంతు వరండా అంతా వినపడేది. ఆయన పాలకొల్లు డీలరుకి ప్రకృతి మనకి తల్లి అని చెబుతున్నారు. అవతలి వాడు "అయితే ఎన్ని పెట్టెలు పంపుతారండీ?" అని అడిగినట్టున్నాడు. "పెట్టెల గురించి కాదయ్యా నేను మాట్లాడేది, విజన్ గురించి!" అన్నారు రాజుగారు. అవతల ఫోను పెట్టేశాడు.

త్రినాథరావుకి మాత్రం ఒక దారి కనపడింది. షెడ్డు ఖాళీ చేయాలని సుస్థిరతాధికారి ఆదేశం ఉంది. దానికి అభ్యంతరం చెప్పాల్సిన అధికారి సస్పెన్షన్‌లో ఉన్నాడు. ప్రసూన దగ్గరికి వెళ్ళి అడిగాడు.

"అభ్యంతరం లేదంటే అనుమతి ఉన్నట్టేనాండీ మేడమ్?"

ప్రసూన రూల్సు పుస్తకం తిరగేసింది. చాలాసేపు తిరగేసింది. "అభ్యంతరం చెప్పగల అధికారి అందుబాటులో లేనప్పుడు అభ్యంతరం లేనట్లే భావించాలి," అంది. తర్వాత ఇంకేదో చెప్పబోయి, చెప్పకుండా, "త్వరగా చేయించండి," అంది.

ఆయన లోడింగు మనుషుల్ని పిలిచి పెట్టెలన్నీ షెడ్డులోంచి తీయించి, కంపెనీలో ఖాళీగా ఉన్న ఒకే ఒక్క పెద్ద గది కాన్ఫరెన్సు హాలు కాబట్టి దాన్లో పేర్పించాడు. చొక్కా చేతులు పైకి మడిచి తనూ మోశాడు. మోటారు దుమ్ము దులిపి స్విచ్చి వేస్తే రెండు దగ్గులు దగ్గి తిరిగింది. రెండు రోజులకల్లా తూములోంచి వచ్చే నీళ్ళ రంగు మారింది. బుల్లెబ్బాయి తన బాతుల్ని కుంకుడు రసంతో కడిగి మళ్ళీ కాలవలోకి దింపాడు. అవి తేలాయి.

దుబాయి వాళ్ళ పరిశీలకుడు మీనన్ గారు వచ్చేసరికి ప్లాంటు తిరుగుతోంది. ఆయన నీళ్ళు సీసాలో పట్టి ఎండకెత్తి చూశాడు. తర్వాత సమావేశానికి కాన్ఫరెన్సు హాలు తలుపు తీస్తే లోపల పెట్టెలు.

"ఇదేమిటి?" అన్నాడు.

పురుషోత్తమరాజు గారు ఆ గదిని అలా చూడటం అదే మొదటిసారి. కానీ సెమినార్లకి వెళ్ళొచ్చిన మనిషి. ఒక్క క్షణమే తడబడ్డారు. "మా విధానమండి. సమావేశాలు తగ్గించి, ఆ చోటు ప్రకృతి కోసం త్యాగం చేశాం," అన్నారు. మీనన్ గారు చాలా ముచ్చటపడి రాసుకున్నాడు. సమావేశం వరండాలో నిలబడి జరిగింది. త్వరగా కూడా అయిపోయింది.

సర్టిఫికెట్ వచ్చింది. మూడు నెలల లెక్కా తేలింది. అమ్మకాలు పెరగలేదు. రాజుగారి విజన్‌ని పాలకొల్లులో ఎవరూ కొనలేదు.

ఆ శుక్రవారం త్రినాథరావుకి రెండు కవర్లు అందాయి. అసాధారణ సేవలకు గుర్తింపుగా సుస్థిరతాధికారికి ముఖ్య సుస్థిరతాధికారిగా పదోన్నతి కల్పించడమైనదని పచ్చ కవరు. లక్ష్యం సాధించడంలో విఫలమైనందున సేల్స్ మేనేజరుని తక్షణం తొలగించడమైనదని ఎర్ర కవరు. రెండింటి కిందా ఒకే సంతకం. రాజుగారు శాలువా కప్పారు. ఫొటో తీశారు. అంతా అయ్యాక త్రినాథరావు ప్రసూన బల్ల దగ్గరికి వెళ్ళి మెల్లిగా అడిగాడు.

"మేడమ్, జీతం?"

ప్రసూన ఫైలు చూసి తలెత్తింది. ఆవిడ మొహంలో మొదటిసారి సర్క్యులర్‌లో లేనిదేదో కనపడింది. "జీతం సేల్స్ మేనేజరు పోస్టుకి ఉందండి. ఇది అదనపు బాధ్యత. అదనానికి జీతం రాయలేదు."

"అలాగేనండి," అన్నాడు అలవాటుగా. అని, వరండాలోకి వచ్చాక రెండు కవర్లూ విప్పి మళ్ళీ చదివాడు.

ఇంటికెళ్ళి చెబితే భ్రమరాంబ ఈసారి హాస్యమాడలేదు. శాలువాని మడత పెడుతూ చాలాసేపు ఆలోచించింది. "ఆ ఉద్యోగం ఇప్పుడు ఖాళీయే కదండీ?"

"ఖాళీయే."

"దరఖాస్తు పెట్టండి మరి. మీకు తెలిసినంత ఎవరికి తెలుసు?"

"తీసేసిన వాడిని మళ్ళీ ఎవరు తీసుకుంటారే?"

"తీసేసింది అమ్మకాలాయన్ని కదా, మీరు పై ఆఫీసరు కదా ఇప్పుడు!"

పెట్టాడు. ఇంకెవరూ పెట్టలేదు. పండగ అమ్మకాలు పడిపోయిన కంపెనీలో సేల్స్ ఉద్యోగానికి ఎవరొస్తారు? ఇంటర్వ్యూ రోజున కాన్ఫరెన్సు హాల్లో పెట్టెల మధ్య కాస్త చోటు చేసి బల్ల వేశారు. బోర్డులో ముగ్గురు సభ్యులు, ఎం.డి. గారు, ప్రసూన, ముఖ్య సుస్థిరతాధికారి. మీనన్ గారి సలహా మీద రాజుగారే కొత్తగా ఒక నియమం పెట్టారు. ఇకపై ఏ మేనేజరుని తీసుకోవాలన్నా సగం మార్కులు ముఖ్య సుస్థిరతాధికారే వేయాలి.

త్రినాథరావు అభ్యర్థి కుర్చీలో కూర్చుని, ఎం.డి. గారి ప్రశ్నలకి జవాబులు చెప్పాడు. తర్వాత లేచి వెళ్ళి బోర్డు వైపు కూర్చున్నాడు. ఎదురుగా ఖాళీ కుర్చీ.

"పండగ సీజన్లో సరుకు పెట్టడానికి చోటు లేకపోతే ఏం చేస్తారు?" అని అడిగాడు.

లేచి ఇటు వచ్చి కూర్చున్నాడు. రాజుగారు ముందుకి వంగారు.

"తక్కువ వండిస్తానండి," అన్నాడు. "కొట్లవాళ్ళు ఎంత అడిగితే అంతే. మూడు నెలల లెక్క బాగా కనిపించడం కోసమని ఎక్కువ చేయించను. ప్లాంటు షెడ్డులో పెట్టెలు పెట్టను. ఇదివరకు పెట్టాను. ఇక పెట్టను."

"తక్కువా!" రాజుగారు బల్ల గుద్దారు. ఈసారి నిజంగానే. "సేల్స్ మేనేజరు నోట్లోంచి రావలసిన మాటేనా అది? బ్యాంకుకి ఏం చూపించమంటావ్? ఈ అభ్యర్థి నాకొద్దు."

"సర్, సగం మార్కులు ముఖ్య సుస్థిరతాధికారివి," అని గుర్తు చేసింది ప్రసూన.

"అయితే అడుగు ఆయన్ని!"

త్రినాథరావు లేవబోయాడు. ప్రసూన చెయ్యి అడ్డం పెట్టింది. "మార్కులు వేసేటప్పుడు అభ్యర్థి గదిలో ఉండకూడదండి. దయచేసి బయట కూర్చోండి."

ఆయన వెళ్ళి వరండాలో బల్లమీద కూర్చున్నాడు. లోపల బోర్డు తన మూడో సభ్యుడి కోసం ఎదురుచూసింది. సభ్యుడిని పిలవాలంటే అభ్యర్థి లోపలికొస్తాడు. అభ్యర్థి బయటుంటే సభ్యుడు రాడు. ప్రసూన రూల్సు పుస్తకం తిరగేస్తున్న చప్పుడు బయటికి వినపడుతోంది. కారఖానాలో మూకుళ్ళు దింపేశారు కాబోలు, నూనె వాసన తగ్గింది. కాలవ వైపు నుంచి బాతుల అరుపులు వస్తున్నాయి.

ఎంతసేపయ్యిందో, తలుపు తీసుకుని పురుషోత్తమరాజు గారు బయటికి వచ్చారు. కోటు లోపలే వదిలేశారు. వచ్చి, వ్యాపారం మొదలుపెట్టిన కొత్తలో వ్యానులో పక్కపక్కన కూర్చున్నట్టు, త్రినాథరావు పక్కన బల్లమీద కూర్చున్నారు.

"త్రినాథూ, నిజం చెప్పు. తక్కువ చేస్తే మనం బతుకుతామా?"

త్రినాథరావు "అలాగేనండి" అనలేదు.

"వచ్చే మూడు నెలలూ కష్టమేనండి. బ్యాంకు వాళ్ళు మొహం చిట్లిస్తారు. ఆపైన తిరిగొచ్చే సరుకు తగ్గుతుంది. అది తగ్గితే గట్టెక్కుతామనే అనుకుంటున్నాను. ఖాయంగా చెప్పలేను. ఇదివరకు నేను ఖాయంగా చెప్పినవన్నీ మీరు విన్నారు."

రాజుగారు కాలవకేసి చూశారు. తర్వాత గుమ్మంలో ఫైలు పట్టుకుని నిలబడ్డ ప్రసూనకేసి తిరిగారు.

"అడిగినంతే వండాలని రాయమ్మా."

ప్రసూన కలం తెరిచింది. "ఎవరు చెప్పారని రాయమంటారు సర్? సేల్స్ మేనేజరు గారా, ముఖ్య సుస్థిరతాధికారి గారా?"

రాజుగారు పక్కనున్న మనిషిని ఒకసారి పైనుంచి కిందికి చూశారు.

"త్రినాథరావు చెప్పాడని రాయి," అన్నారు.